నార్తాంప్టన్‌లో కలిపిన కిమ్చి

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నాలుగు చినుకులు పడితే ఊరు మునిగిందంటాను. జ్వరం వస్తే మా ఆవిడ నా నుదుటి మీద అట్లు పోసిందంటాను. ఇది మా వంశంలో మగవాళ్ళకి వచ్చే జబ్బు. ఇంగ్లండులో మా వీధి డాక్టరుకి చూపిస్తే పారాసెటమాల్ వేసుకుని పడుకోమన్నాడు. అందుకని, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి కుర్రవాళ్ళు ఇది చదివేటప్పుడు నేను చెప్పిన ప్రతి లెక్కనీ సగం చేసుకోండి, ప్రతి వర్ణనలోనూ కాసిని నీళ్ళు కలుపుకోండి. మిగిలింది నిజమే. దాదాపు.

రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ కూలిపోతాయని జనం వణికిపోతున్న రోజుల్లో నేను నార్తాంప్టన్‌లో దిగాను. ఆ కంప్యూటర్లని కాపాడమని మాలాంటి వాళ్ళని విమానాల్లో కుక్కి తీసుకెళ్ళారు. కంటి మీద రెప్ప వాల్చకుండా కాపలా కాశాను. రెండువేల సంవత్సరం రానే వచ్చింది. ఒక్క కంప్యూటరూ కూలలేదు. కూలింది నా కాంట్రాక్టు ఒక్కటే.

అప్పుడు దొరికింది ఈ టూర్ల కంపెనీ. రిటైరైన ఇంగ్లీషు దంపతుల్ని చిన్న గుంపులుగా దేశదేశాలు తిప్పడం దాని పని. వాళ్ళ బుకింగుల కంప్యూటరు చూసుకోవడం నా పని. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకప్పుడు బూట్లు కుట్టిన ఫ్యాక్టరీ మేడ మీద రెండు గదులు. ఒకరు ఒళ్ళు విరుచుకుంటే ఎదుటివాళ్ళు కుర్చీ వెనక్కి లాక్కోవాల్సినంత ఇరుకు. యజమానురాలు యాభై దాటిన ఇంగ్లీషావిడ. కళ్ళజోడు జుట్టులో దోపుకుని, రోజంతా దాన్నే వెతుక్కునేది. ఆవిడ ‘లవ్లీ’ అందంటే మన పని అయిపోయినట్టు. నిజంగా బాగుంటే ‘నాట్ బ్యాడ్’ అనేది. ఈ తేడా తెలియడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ నేను చాలా సంతోషంగా ఉన్నాను.

రెండువేల ఆరులో మా ఆఫీసులో ఒక కొరియా అమ్మాయి చేరింది. ఇంగ్లండులోనే టూరిజం చదువుకుంది. ముప్పై లోపు వయసు. నవ్వితే తన కళ్ళు మూసుకుపోయేవి, నవ్వకుండా చూస్తే మనకే కళ్ళు మూసుకోవాలనిపించేది. కొరియా రాజధానిని అందరూ చూపిస్తారు, మనం ఎవరూ చూడని చిన్న ఊళ్ళు చూపిద్దాం అన్నది ఆ అమ్మాయి ఆలోచన. అందులో ఒకటి తన సొంత ఊరు, గురే. దేశానికి దక్షిణాన, జిరిసాన్ అనే పెద్ద కొండల కింద ఉంటుంది. మార్చి వస్తే ఆకు పుట్టకముందే చెట్లు పసుపు కుమ్మరించినట్టు పూస్తాయట. ఐదు రోజులకోసారి సంత. అక్కణ్ణించి బస్సెక్కితే సున్‌చన్, సముద్రం పక్కన కనుచూపు మేర రెల్లు, చలికాలం ఉత్తరాది నుంచి వచ్చి దిగే పక్షులు. ఆ పక్కన బల్‌గ్యో. అక్కడి ఆడవాళ్ళు సముద్రపు బురదలో చెక్క పలక మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో తోసుకుంటూ జారిపోతూ గుల్లలు ఏరతారు. ఇంకాస్త దూరంలో బోసంగ్, కొండకి ఎవరో తల దువ్వినట్టు తేయాకు వరసలు.

వీటి గురించి వెబ్‌సైటులో రాసే పని నాకు అప్పగించారు. “రోజూ ఆలస్యానికి నువ్వు చెప్పే కారణాలు వింటుంటే నీలో రచయిత ఉన్నాడనిపిస్తోంది,” అంది యజమానురాలు. నేను రాసేవాణ్ణి, ఆ అమ్మాయి కొట్టేసేది. మా పోట్లాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగినా నాకెందుకో తెలుగులోనే గుర్తున్నాయి.

“‘ఆకాశాన్ని తాకే తేయాకు’ అని రాశారు. అది నా నడుము దాకా ఉంటుంది.”

“కొండ మీద ఉంది కదమ్మా. కొండ ఎత్తు కూడా కలుపుకో.”

“మా ఊరి వీధుల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని రాశారు.”

“కొండల్లో వదిలారని నువ్వేగా చెప్పావు.”

“వదిలారు. ఏవో కాసిని. నేను ఇంతవరకు ఒక్కదాన్నీ చూడలేదు.”

“అయితే ‘కంటికి కనబడకుండా తిరుగుతాయి’ అని మార్చనా?”

అప్పుడు నవ్వకుండా చూసేది. నేను మార్చేవాణ్ణి.

ఒక్క వాక్యం మాత్రం ఇద్దరం ముట్టుకోలేదు. ఆ ఊళ్ళలో పెరట్లో టమాటాల్లా ఎర్రటి పెర్సిమన్ పళ్ళు కోసేటప్పుడు చెట్టు చిటారున నాలుగైదు పళ్ళు పక్షులకని వదిలేస్తారట. దాన్ని ఎలా పెద్దది చేయాలా అని ఒక పూటంతా కూర్చుని ఆలోచించాను. నా వల్ల కాలేదు.

ఇంకోసారి ఒక ఫోటో చూపించింది. గురే రోడ్డు పక్క పొడుగునా ఎండబోసిన ఎర్ర మిరపకాయలు, వాటిని పుల్లతో కెలుకుతున్న తలగుడ్డ కట్టిన ముసలమ్మ. గుంటూరు వైపు మా మేనమామ కల్లాన్ని ఎవరో ఎత్తుకెళ్ళి కొరియాలో పరిచినట్టుంది. ఆ క్షణం నుంచి ఆ టూరు కంపెనీది కాదు, నాది.

జనం మాత్రం రాలేదు. ఫోన్ చేసిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న. “ఏ కొరియా, బాంబులదా?” “కాదండీ, టీవీలు తయారుచేసేది.” “అక్కడ నేల మీద పడుకోవాలటగా, మరి మా మోకాళ్ళు?” ఒకాయన భార్యకి చెప్పకుండా బుక్ చేశాడు. మర్నాడు భార్య ఫోన్ చేసి రద్దు చేసింది. ఆయన్ని కూడా రద్దు చేసిందేమో, మళ్ళీ ఆ గొంతు వినపడలేదు.

రెండువేల ఏడు వసంతంలో ఒకరోజు యజమానురాలు కళ్ళజోడు దొరకబుచ్చుకుని మా దగ్గరికొచ్చింది.

“కొరియా టూరు, లవ్లీ ఐడియా,” అంది.

మా ఇద్దరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

“వచ్చే శనివారం చర్చి హాల్లో మీటింగు పెడదాం. పదిమంది సంతకం పెడితే టూరు నడుపుదాం. పెట్టకపోతే ఇక్కడితో ఆపేద్దాం,” అని ఆ అమ్మాయి వైపు తిరిగి మెల్లగా అంది. “టూరు లేకపోతే నీ పోస్టుని నేను నిలబెట్టలేను. నీకిది తెలియాలి.”

ఆ అమ్మాయి వర్క్ పర్మిట్ ఆ పోస్టుకి ముడిపడి ఉంది. పోస్టు పోతే పెట్టె సర్దుకోవాలి. ఆ అమ్మాయి పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టింది. అప్పటికే చెక్కిన పెన్సిల్ అది.

“ఫోటోలు చాలవు, అక్కడ కిమ్చి కలుపుదాం,” అన్నాను నేను.

కిమ్చి అంటే మీకు తెలుసు కదా, క్యాబేజీ ఉప్పులో ఊరనిచ్చి, కారం, వెల్లుల్లి, అల్లం, చేపల రసం పట్టించే వాళ్ళ పచ్చడి. చలి ముదిరేముందు వీధిలో ఆడవాళ్ళంతా ఒక ఇంట్లో చేరి ఏడాదికి సరిపడా కలుపుతారట. కలిపిన మనిషి మొదటి ఆకు చుట్టి అక్కడున్నవాళ్ళలో పెద్దవాళ్ళ నోట్లో పెడుతుందట. వినగానే నాకు మా అమ్మ కళ్ళముందు మెదిలింది. ఆవకాయ జాడీల్లోకి ఎత్తాక బేసినులో మిగిలిన దాంట్లో వేడన్నం కలిపి ముద్దలు పెట్టేది. అప్పటికప్పుడు తినే రకం కిమ్చి కూడా ఉందని, హాల్లో అదే కలుపుదామని అనుకున్నాం.

కారం గురే నుంచి వాళ్ళమ్మ పార్సిల్ పంపింది. శుక్రవారానికి రాలేదు. నార్తాంప్టన్‌లో ఆ కారం అమ్మే కొట్టు లేదు.

“మా ఇంట్లో ఉందిగా కారం. మా ఊరిది. ప్రపంచానికి కారం పంపే ఊరు మాది,” అన్నాను.

“మంట ఎక్కువా?” అని అడిగింది.

ఇక్కడ నేను చేసిన తప్పు గుంటూరువాడు తప్ప భూమ్మీద మరొకడు చేయలేడు. నేనేం గొప్పలకి పోలేదు. నిజాయితీగా ఆలోచించాను. ఆ పొద్దున్నే దాంతో దోసె తిన్నాను. ఏమీ కాలేదు.

“లేదమ్మా, మామూలే,” అన్నాను.

ఇంట్లో డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ అడ్డం వచ్చింది.

“ఏందండీ, ఆ డబ్బా ఎక్కడికి?”

“ఆఫీసుకి. కిమ్చీలోకి.”

“అది ఆవకాయకని మా అమ్మ కొట్టించి పంపిన కారం. తెల్లోళ్ళకి పెట్టమాకండి, చెప్తున్నా.”

“మామూలేగా.”

“మనకి మామూలే. మిరియం గింజ తగిలితే మంచినీళ్ళు తాగే వాళ్ళు, వాళ్ళేం పాపం చేశారు?”

“డాడ్, బ్యాడ్ ఐడియా,” అంది మా అమ్మాయి టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఇంట్లో ఇద్దరు ఒకే మాట అన్నారంటే దాన్ని వినకపోవడం ఇంటిపెద్ద లక్షణం అని నేను అప్పట్లో నమ్మేవాణ్ణి.

శనివారం మధ్యాహ్నం నార్తాంప్టన్ మునిగిపోయేంత వాన. అయినా హాలుకి మూడువేల మంది వచ్చారు. సరే, ముప్పై. అందరూ గొడుగులు దులుపుకుని, టీ పోసుకుని కూర్చున్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన చేతులు కట్టుకుని, కర్రలా నిటారుగా కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య. తలుపు దగ్గరే మా యజమానురాలితో చెప్పేశాడు.

“ఆ దేశానికి నేనొకసారి వెళ్ళొచ్చాను, ప్రభుత్వం ఖర్చుతో. మళ్ళీ వెళ్ళే ఉద్దేశం లేదు. బిస్కెట్ల కోసం వచ్చాను.”

కుర్రతనంలో నిర్బంధ సైనికశిక్షణకి తీసుకెళ్ళి, అక్కణ్ణించి అక్కడి యుద్ధానికి పంపేశారట. అప్పటి సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తడని భార్య టీ పోసుకుంటూ నాతో అంది. ఆవిడకి మాత్రం ఆ పసుపు పూల చెట్లు చూడాలని ఉంది.

ఆ అమ్మాయి తమ సంప్రదాయ దుస్తులు వేసుకొచ్చింది. పొట్టి రవిక, గుడారమంత గులాబీరంగు పావడా. ఫోటోలు తెర మీద వేసి చెబుతోంది. జిరిసాన్ కొండలు రాగానే పెద్దాయన గొంతు వినపడింది.

“ఇది కొరియా కాదు.”

హాలంతా తిరిగి చూసింది.

“కొరియానే. మా ఊరే,” అంది ఆ అమ్మాయి.

“నేను చూసిన కొరియాలో చెట్టన్నది లేదు. కొండలన్నీ బోడిగుండ్లు. చెట్లు కొన్ని పొయ్యిల్లోకి పోయాయి, కొన్ని మా ఫిరంగి గుళ్ళకి పోయాయి. ఇన్ని చెట్లు ఎక్కణ్ణించి వచ్చాయి?”

“నాటారు. మా తాతయ్య వాళ్ళు నాటారు. బళ్ళో పిల్లల చేత కూడా నాటించారు. మా అమ్మ చిన్నప్పుడు నాటిన పైన్ చెట్టు ఉంది, ఏ చెట్టో చూపించగలను.”

“ఎంత ఎత్తుంది?”

“ఈ హాలు కంటే ఎత్తు.”

నేను గానీ రాసుంటే చర్చి గోపురం కంటే ఎత్తనేవాణ్ణి. పెద్దాయన చేతులు మాత్రం ఇంకా కట్టుకునే ఉన్నాడు. మా యజమానురాలు గుమ్మం దగ్గర సంతకాల బల్ల వెనక నిలబడి నన్నే చూస్తోంది. బల్ల మీద పెన్ను మూత ఇంకా తీయలేదు.

కలపడం మొదలైంది. ఆ అమ్మాయి తమ ఊరి లెక్కన గిన్నెల కొద్దీ కారం పోసింది. వాళ్ళ కారం రంగుకి మిరప, మంటకి పసిపిల్ల అని నాకు తర్వాత తెలిసింది. పోయగానే ఆ అమ్మాయి తుమ్మింది. ముందు వరస తుమ్మింది. వెనక వరసలో ఒకావిడ కట్టుడుపళ్ళు పట్టుకుని మరీ తుమ్మింది. “ఘాటు మంచి లక్షణం,” అన్నాను, ఒక చేత్తో గరిటె పట్టుకుని, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

“పెద్దవాళ్ళు ఎవరు?” అని ఆ అమ్మాయి అడిగితే పెద్దాయన భార్య ఆయన్నే చూపించింది. ఆ అమ్మాయి ఆకు చుట్టి, రెండో చెయ్యి కింద పట్టి, ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన కాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత నోరు తెరిచాడు.

పాత సైనికుడు కదా, చెక్కు చెదరలేదు. నెమ్మదిగా నమిలాడు. మొహం మొదట గులాబీ, తర్వాత టమాటా, ఆ తర్వాత డబుల్ డెక్కర్ బస్సు రంగులోకి తిరిగింది. రెండు కళ్ళ నుంచీ ధారలు.

“పాపం, ఎంత కదిలిపోయాడో,” అని వెనకావిడ పక్కావిడతో గుసగుసలాడింది.

ఈలోగా పళ్ళాలు అందరికీ అందాయి. ఇంగ్లీషువాళ్ళ మర్యాద మీకు తెలుసు, ఆఖరివాడి పళ్ళెంలో పడేదాకా మొదటివాడు నోట్లో పెట్టడు. కాబట్టి ఎవరూ ఎవరినీ హెచ్చరించే అవకాశం లేకుండా ముప్పై మందీ ఒకేసారి నోట్లో పెట్టుకున్నారు.

ఆ తర్వాతి నిశ్శబ్దాన్ని వర్ణించడానికి నా శక్తి కూడా చాలదు. ఒకాయన వేడి టీ తాగి మరింత చెడ్డాడు. ఒకావిడ పూలకుండీలో నీళ్ళ కోసం చూసింది. ఒకాయన తలుపు తీసి వానలోకి నాలుక చాపాడు. మా యజమానురాలు కూడా తింది. నా వైపు తిరిగి, గాలి పీలుస్తూ, “లవ్లీ,” అంది.

ఆ అమ్మాయి కొయ్యబారిపోయింది. తన ఉద్యోగం, తన ఊరు, వాళ్ళమ్మ నాటిన చెట్టు, అన్నీ తన కళ్ళముందే దగ్గుతూ తుమ్ముతూ కోటు గుండీలు పెట్టుకుంటున్నాయి. అప్పుడు నేను గరిటె పడేసి పరుగందుకున్నాను. ఆ పరుగు చూసుంటే నన్ను ఒలింపిక్స్‌కి పంపేవాళ్ళు. వానలో వీధి దాటి, మూల మీద గుజరాతీ ఆయన కొట్లోకి దూసుకెళ్ళి, ఫ్రిజ్‌లో ఉన్న పెరుగు డబ్బాలన్నీ గుండెలకి హత్తుకుని తిరిగొచ్చాను. కిమ్చీతో పెట్టడానికని కుక్కర్లో ముందే అన్నం వండి ఉంచాం, ప్రతి పళ్ళెంలో అన్నం, దాని మీద పెరుగు గుమ్మరించాం. నార్తాంప్టన్ చర్చి హాల్లో ముప్పై మంది తెల్లవాళ్ళు తలవంచుకుని పెరుగన్నం తిన్నారు. ఆ దృశ్యం చూసి మా అత్తగారి కారం ధన్యమైంది.

మంట తగ్గాక ఒక వింత జరిగింది. ఒకావిడ మెల్లగా ఒక కిమ్చి ముక్క పెరుగన్నంలో నంజుకుంది. “ఇలా బాగుంది,” అంది. పక్కాయన కూడా నంజుకున్నాడు. చూస్తుండగానే గిన్నె అడుగు కనపడింది.

“మా అమ్మ చూస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు,” అంది ఆ అమ్మాయి పెరుగులో తేలుతున్న కిమ్చీని చూస్తూ. కళ్ళు మూసుకుపోయాయి. నవ్విందన్నమాట.

పెద్దాయన జేబురుమాలుతో మొహం తుడుచుకుని లేచాడు. ఇంకా ఎర్రగానే ఉన్నాడు.

“అక్కడ ఉన్నన్నాళ్ళూ ఒక్కరోజు ఒళ్ళు వెచ్చబడలేదు నాకు,” అన్నాడు. “ఇవాళ వెచ్చబడింది. ఆ చెట్టు చూపిస్తానన్నావు కదమ్మా. ఎప్పుడు తీసుకెళ్తావు?”

గుమ్మం దగ్గరికి నడిచి తనే పెన్ను మూత తీశాడు. వెనకాలే భార్య. “ఈ కారం తిని బతికాం, నేల మీద పడుకోలేమా?” అంది హాలందరికీ వినపడేలా. ఆ మాట తర్వాత వెనక్కి తగ్గితే ఆ వయసువాళ్ళకి పరువేముంటుంది? వరస కట్టారు. ఇంగ్లీషువాళ్ళకి వరస కనపడితే దేనికో తెలియకపోయినా వచ్చి నిలబడతారు. రెండు బస్సులు, ఒక ఓడ నిండేంత మంది. సరే, పదిమంది. ఆ పదో పేరు పడ్డాక యజమానురాలు కాగితం చూసి, కారం డబ్బా చూసి, నన్ను చూసింది.

“నాట్ బ్యాడ్,” అంది.

ఆ శరత్కాలంలో టూరు వెళ్ళింది. ఆ అమ్మాయే తీసుకెళ్ళింది. ఫోన్లు ఎత్తడానికి ఎవరో ఒకరు ఉండాలని నన్ను నార్తాంప్టన్‌లోనే వదిలేశారు. తిరిగొచ్చాక చెప్పింది. గురేలో వాళ్ళమ్మ పెరట్లో కూర్చోబెట్టి మొదటి ఆకు పెద్దాయన నోట్లోనే పెట్టిందట. ఆయన నమిలి, కాసేపు ఆగి, ఏమీ జరక్కపోయేసరికి, “ఇందులో కారం మర్చిపోయినట్టున్నారు. నేను నార్తాంప్టన్‌లో అసలైన కిమ్చి తిన్నవాణ్ణి,” అన్నాడట. అది కొరియా భాషలోకి మార్చి వాళ్ళమ్మకి చెప్పే ధైర్యం తనకి లేకపోయిందట. తర్వాత పెద్దాయన ఆ పైన్ చెట్టు దగ్గరికి వెళ్ళి, దాని మీద చెయ్యి ఆనించి, అందరూ బస్సెక్కేదాకా అక్కడే నిలబడ్డాడట.

ఆ టూరు మరుసటి ఏడూ నడిచింది, ఈసారి మార్చిలో, పసుపు పూల వేళకి. ఆ అమ్మాయి పోస్టు అలాగే ఉంది. ఇప్పుడు నేను ఆ ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చుని మీకు పాఠాలు చెబుతున్నాను. పాఠం చిన్నదే. ఎవరైనా ‘మంట ఎక్కువా’ అని అడిగితే మీ నాలుకని అడిగి జవాబు చెప్పకండి.

ఇక ఇందులో నేను పుట్టించింది ఏదో చెప్పి లేస్తాను. మీరు అనుమానించిన వాటిలో ఏదీ కాదు. పెద్దాయన నిజం. చెట్టు నిజం. వానలోకి నాలుక చాపినాయన నిజం. గురేలో కారం చాలలేదన్న మాటా నిజమే. అబద్ధం ఆ పరుగొక్కటే. రోజూ ఎదురు బల్ల దగ్గర కూర్చుని, నేను ఆవకాయ తిని పెరుగన్నంతో చల్లబడడం చూసిన మనిషికి ఆ ఆలోచన వచ్చింది. గరిటె పట్టుకుని కొయ్యబారి నిలబడింది నేను. గుడారమంత గులాబీ పావడాని రెండు చేతులతో పైకెత్తి, వానలో నార్తాంప్టన్ వీధి దాటి పరుగెత్తింది ఆ అమ్మాయి. తడిసి ముద్దై, గడ్డం కింద దాకా పెరుగు డబ్బాలతో తిరిగొచ్చేసరికి నేను తలుపు తీసి పట్టుకున్నాను.

బాగా వెడల్పుగా తీసి పట్టుకున్నాను.